పాత గేమ్ అకౌంట్‌లోకి వెళ్లలేకపోతే ఇంత దిగులు పడటం మామూలేనా?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. ఫోన్ మారాక పాత గేమింగ్ అకౌంట్‌లోకి లాగిన్ అవ్వట్లేదు, ఏం చెయ్యాలి అన్నది ఒకటి. అందులో సగంలో ఉన్న కథ పోతుందేమోనని దిగులుగా ఉంది, ఇంట్లోవాళ్లేమో నవ్వుతున్నారు, గేమ్ కోసం ఇంత బాధపడటం మామూలేనా అన్నది రెండోది. మొదటిదానికి జవాబు చిన్నదే కాబట్టి అది ముందు చెప్పేస్తాను.

నా ఫోన్ పాడైనప్పుడు నాకూ ఇదే గొడవ. పాస్‌వర్డ్ తీసుకుంటోంది, ఆ తర్వాత అడిగే ఆరంకెల కోడ్ దగ్గర ఆగిపోతోంది. ఆ కోడ్‌లు ఇచ్చే ఆథెంటికేటర్ యాప్ బ్యాకప్‌లోంచి కొత్త ఫోన్‌లోకి వచ్చింది కానీ, ఏ కోడ్ కొట్టినా తప్పే అంటోంది. తీరా చూస్తే కొత్త ఫోన్‌లో గడియారం కొన్ని నిమిషాలు వెనకబడి ఉంది. ఆ కోడ్‌లు టైమ్‌ని బట్టి పుడతాయి, మామూలుగా 30 సెకన్లకోసారి మారిపోతాయి. ఫోన్ టైమ్ తేడాగా ఉంటే కోడ్ కూడా తేడాగానే వస్తుంది. సెట్టింగ్స్‌లో తేదీ, టైమ్ ఆటోమేటిక్‌గా ఉండేలా మార్చగానే లోపలికి వెళ్లగలిగాను. మీరూ ముందు అదే చూడండి.

అది కాకపోతే, రెండంచెల భద్రత (పాస్‌వర్డ్ తర్వాత కోడ్ కూడా అడగడం) పెట్టుకున్న రోజున ఇచ్చే బ్యాకప్ కోడ్‌ల కోసం పాత స్క్రీన్‌షాట్‌లు, మెయిల్ డ్రాఫ్టులు వెతకండి. కొన్ని గేమ్‌లకి, వాటిని కొన్న ఆన్‌లైన్ స్టోర్ అకౌంట్ ఒకటి, గేమ్ తయారుచేసిన కంపెనీ అకౌంట్ ఇంకొకటి ఉంటాయి. ఏది తెరుచుకోవట్లేదో ముందు తేల్చుకోకపోతే సపోర్ట్ వాళ్లు మిమ్మల్ని ఇటునుంచి అటు తిప్పుతూ ఉంటారు. వాళ్లకి రాసేటప్పుడు అకౌంట్ తెరిచిన మెయిల్ ఐడీ, మొదట్లో కొన్న గేమ్‌కి వచ్చిన రసీదు జతచేస్తే పని తొందరగా అవుతుంది. పాస్‌వర్డ్ గానీ ఓటీపీ గానీ చెప్పమన్నారంటే అది సపోర్ట్ కాదు, దొంగ. మారు మాట్లాడకుండా బ్లాక్ చెయ్యండి.

ఇక రెండో ప్రశ్న. సినిమా చూసి కళ్లు తుడుచుకుంటే ఎవరూ ఏమీ అనరు, గేమ్ ఆడి తుడుచుకుంటే వింతగా చూస్తారు. నాకైతే గేమ్ ఇచ్చే దెబ్బే గట్టిది. సినిమాలో జరిగేది చూస్తాం, అంతే. గేమ్‌లో మన చేత్తో చేస్తాం. (ఇక్కణ్ణుంచి కథలు బయటపడతాయి. ఆడే ఉద్దేశం ఉంటే చివరి రెండు పేరాలకి వెళ్లిపోండి.)

2013లో వచ్చిన 'బ్రదర్స్: ఎ టేల్ ఆఫ్ టూ సన్స్' అనే గేమ్ చూడండి. జబ్బుపడ్డ తండ్రికి మందు తేవడానికి ఇద్దరు అన్నదమ్ములు బయల్దేరతారు. రెండు చేతులతో పట్టుకుని ఆడే కంట్రోలర్‌లో ఎడమ వైపు అంతా అన్న, కుడి వైపు అంతా తమ్ముడు. మొదట్లో చేతులు తికమకపడి ఇద్దరూ గోడలకి గుద్దుకుంటుంటే నవ్వొస్తుంది. తల్లి నీళ్లలో మునిగి చనిపోయింది కాబట్టి తమ్ముడికి నీళ్లంటే భయం. ఎక్కడ నీళ్లు అడ్డొచ్చినా అన్న వీపు పట్టుకుని దాటతాడు. కథ చివరికొచ్చేసరికి అన్న ఉండడు. ఇంటికి వెళ్లే దారిలో మళ్లీ నీళ్లు. తమ్ముడి బటన్ ఎంత నొక్కినా వాడు ఒడ్డునే వణుకుతూ నిలబడతాడు. అంతసేపూ ఊరికే ఉన్న ఎడమ చెయ్యి, ఏం చెయ్యాలో తోచక, అన్న బటన్ నొక్కుతుంది. వాడు ఈదుతాడు. ఒక్క డైలాగ్ లేదు. అసలు ఆ గేమ్ మొత్తంలో వాళ్లు మాట్లాడేది మనకి అర్థమయ్యే భాషే కాదు. నాకు గొంతు పట్టేసింది. అన్న లేని లోటు ముందు నా ఎడమ చేతికి తెలిసింది, ఆ తర్వాతే కళ్లకి. పుస్తకంలో గానీ తెర మీద గానీ ఇది సాధ్యం కాదని నా నమ్మకం.

'రెడ్ డెడ్ రిడెంప్షన్ 2' (2018) దారి వేరు, అది నెమ్మదిగా పని చేస్తుంది. 1899 నాటి అమెరికాలో ఆర్థర్ మోర్గాన్ అనే బందిపోటు బాకీ వసూలుకి వెళ్లి ఒక రోగిష్టి మనిషిని కొడతాడు. కొట్టే బటన్ నొక్కేది మనమే. ఆ మనిషి దగ్గు మొహం మీద పడుతుంది, ఆటలో అదో చిన్న పని అనుకుని ముందుకెళ్లిపోతాం. చాలాకాలం తర్వాత ఆర్థర్‌కి క్షయ అని డాక్టర్ చెప్పినప్పుడు ఆ రోజు గుర్తొచ్చి గుండె గుభేలుమంటుంది. గుర్రం సంగతి ఇంకా దారుణం. దానికి పేరు పెడతాం, మేత పెడతాం, బురద దులుపుతాం. కథ ముగింపులో అది తూటా తగిలి పడిపోతే, చుట్టూ శత్రువులున్నా ఆర్థర్ దాని పక్కన ఆగుతాడు. ఇంకో గుర్రం కొనుక్కోవచ్చు కదా అని ఆ క్షణంలో నాకు తోచలేదు.

అన్ని గేమ్‌లూ ఇలా ఉండవు లెండి. పెద్ద బడ్జెట్ గేమ్‌లు చాలావాటిలో ఏడిపించాల్సిన చోట కంట్రోలర్ పక్కన పెట్టించి, వయొలిన్ వాయించి, సినిమా ముక్క చూపిస్తారు. అది చూస్తూ నేను నీళ్లు తాగడానికి లేచి వెళ్తాను.

మీ సేవ్ (మీరు ఎక్కడిదాకా ఆడారో దాచుకునే ఫైల్) విషయానికొస్తే, కథ మళ్లీ మొదటినుంచి ఆడుకోవచ్చు. కానీ ఎవరిని వదిలేశారో, ఎవరిని కాపాడారో, గుర్రానికి ఏం పేరు పెట్టారో ఆ ఫైల్‌లోనే ఉంటుంది. ఆ బెంగ చూసి నవ్వాల్సిన పని లేదు. దాని విలువ గేమ్ చేసేవాళ్లకీ తెలుసు. 2017లో వచ్చిన 'నియర్: ఆటోమాటా' అనే గేమ్ ఆఖరున, ఎవరో ముక్కూమొహం తెలియని ఆటగాడికి సాయం చెయ్యడానికి మీ సేవ్ డేటా అంతా చెరిపేసుకుంటారా అని అడుగుతుంది. ఒప్పుకుంటే నిజంగానే చెరిపేస్తుంది. నేను వద్దని నొక్కాను. మళ్లీ అడిగినా వద్దనే నొక్కుతాను.

కాబట్టి సపోర్ట్ జవాబు వచ్చేదాకా గేమ్‌ని అన్‌ఇన్‌స్టాల్ చెయ్యకండి. మీరు కంప్యూటర్‌లో ఆడుతుంటే, ఆన్‌లైన్ గేమ్ కాకపోతే, సేవ్ ఫైల్ చాలాసార్లు మీ కంప్యూటర్‌లోనే ఉంటుంది. డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లోనో యాప్‌డేటా అనే ఫోల్డర్‌లోనో గేమ్ పేరుతో ఫోల్డర్ దొరికితే మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. అకౌంట్ తెరుచుకున్నాక క్లౌడ్‌లో (అంటే ఆన్‌లైన్‌లో) ఉన్న సేవ్ కావాలా, కంప్యూటర్‌లో ఉన్నది కావాలా అని అడగొచ్చు. రెండింటి పక్కనా ఉన్న తేదీ చూసి, మీరు ఆఖరుసారి ఆడినది ఏదో అదే ఎంచుకోండి. కంగారులో పాత తేదీ ఉన్నది నొక్కితే కొత్తదాని మీద పాతది వచ్చి కూర్చుంటుంది.