సినిమా లుక్ కావాలంటే డబ్బు బాడీ మీద పెట్టాలా, లెన్స్ మీదా?

ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) బాడీ కొని దానితోపాటు వచ్చే కిట్ లెన్స్‌తో సర్దుకోవాలా, ఏపీఎస్-సీ (అంతకంటే చిన్న సెన్సర్) బాడీ తీసుకుని మిగిలిన డబ్బు లెన్స్‌ల మీద పెట్టాలా అని అడిగారు. నేనైతే రెండోదే చెయ్యమంటాను. సినిమాలు తీసే సూపర్ 35 ఫిల్మ్ ఫ్రేమ్ వెడల్పు సుమారు 25 మి.మీ. ఏపీఎస్-సీ సెన్సర్ దానికి ఒకటి రెండు మిల్లీమీటర్లే తక్కువ. సెన్సర్ చిన్నదన్న బెంగ అక్కర్లేదు.

బాడీలో ముందు 10-బిట్ 4:2:2 రికార్డింగ్ (4:2:2 అంటే రంగుల వివరం ఎక్కువ దాచేది), లాగ్ ప్రొఫైల్ (తర్వాత రంగులు దిద్దుకోవడానికి వీలుగా చప్పగా రికార్డు చేసే పద్ధతి) ఉన్నాయా చూడండి. 8-బిట్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే, 10-బిట్‌లో 1024. 8-బిట్‌లో లాగ్ తీసి గ్రేడ్ చేస్తే, అంటే రంగులు దిద్దితే, ఆకాశంలో, ఖాళీ గోడల మీద చారలు తేలతాయి. తర్వాత రోలింగ్ షట్టర్, అంటే సెన్సర్ ఫ్రేమ్‌ని ఒకేసారి కాక వరసవరసగా చదవడం వల్ల వచ్చే వంకర. కెమెరాను తలుపు చట్రం ముందు పట్టుకుని గబగబా అటూ ఇటూ తిప్పండి. నిలువు గీత బాగా వాలిపోతుంటే చేత్తో పట్టుకుని తీసే షాట్లకు అది తగదు.

చాలామంది వీడియోలు చెడేది మాత్రం షట్టర్ దగ్గర. 24 ఎఫ్‌పీఎస్‌కి (సెకనుకి 24 ఫ్రేములు) షట్టర్ 1/50 సెకను ఉండాలి. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 800, ఎఫ్/2.8 (లెన్స్ రంధ్రం, అంకె తగ్గేకొద్దీ పెద్దది), 1/50 పెడితే వెలుగు దాదాపు 9 స్టాపులు ఎక్కువవుతుంది (ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపు). దాన్ని తగ్గించడానికి షట్టర్‌ని వేలల్లోకి పెంచేస్తారు, నడిచే మనిషి కాళ్లు తునకలుగా కదులుతాయి. దీనికి మందు ఎన్‌డీ ఫిల్టరే, అంటే లెన్స్ ముందు బిగించి వెలుగు తగ్గించే నల్లటి గాజు. తిప్పి 2 నుంచి 5 స్టాపుల దాకా మార్చుకునే వేరియబుల్ ఒకటి, 4 స్టాపుల మామూలు ఎన్‌డీ ఒకటి ఉంటే ఆ 9 స్టాపులూ వచ్చేస్తాయి. వేరియబుల్‌ని హద్దు దాటించి తిప్పితే వైడ్ లెన్స్‌లో ఫ్రేమ్‌కి అడ్డంగా ఇంటూ గుర్తులా నల్లటి నీడ పడుతుంది. బలమైన ఎన్‌డీకి ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే పూత లేకపోతే నల్ల బట్టలు ఎర్రటి గోధుమరంగులోకి తిరుగుతాయి, ఒక్కో బట్ట ఒక్కోలా తిరుగుతుంది కాబట్టి గ్రేడింగ్‌లో సరిచేయడం నరకం. ఫిల్టర్లు మీ పెద్ద లెన్స్ సైజులో కొని, చిన్నవాటికి పెద్ద ఫిల్టర్ బిగించే స్టెప్-అప్ రింగులు వాడండి.

లెన్స్‌ల్లో ఏపీఎస్-సీకి 24, 35, 56 మి.మీ. ప్రైమ్‌లు (జూమ్ లేని లెన్స్‌లు) చాలు. ఒకటే కొనగలిగితే 35. ఎఫ్/1.4లో తీస్తేనే సినిమా అనుకోకండి. ఫుల్‌ఫ్రేమ్ మీద 85 మి.మీ. ఎఫ్/1.4తో మీటరున్నర దూరంలో ఫోకస్‌లో ఉండేది సుమారు 2.5 సెం.మీ. మాత్రమే. మనిషి తల కాస్త తిప్పితే కన్ను జారిపోతుంది. ముఖాలకు ఎఫ్/2.8 నుంచి ఎఫ్/4 మధ్య ఉండండి.

ఫోకస్ రింగ్ కూడా చూసుకోండి. ఎలక్ట్రానిక్ రింగుల్లో చాలావాటికి ఎంత వేగంగా తిప్పితే ఫోకస్ అంత ఎక్కువ జరుగుతుంది, ఒకే ఫోకస్ పుల్ (షాట్ మధ్యలో ఫోకస్ మార్చడం) రెండుసార్లు ఒకేలా రాదు. బాడీలో లీనియర్ సెట్టింగ్ (వేగంతో పనిలేకుండా తిప్పినంతే ఫోకస్ జరిగేది) ఉంటే ఆన్ చెయ్యండి. లేదంటే పాత మాన్యువల్ లెన్స్‌లు చవకలో మంచి దారి. మౌంట్ (లెన్స్ బిగించే చోటు) నుంచి సెన్సర్ దాకా దూరం పాత నికాన్ ఎఫ్‌కి 46.5 మి.మీ., మర తిప్పి బిగించే పాత ఎం42కి 45.46, ఇప్పటి సోనీ ఈ మౌంట్‌కి 18. ఆ తేడాలో అడాప్టర్ పట్టేస్తుంది, అందుకే లోపల గాజు లేని మామూలు గొట్టం అడాప్టర్‌తోనే ఇన్ఫినిటీ దాకా ఫోకస్ వస్తుంది. కొనేముందు వెనక నుంచి టార్చ్ వేసి చూడండి. సాలెగూడులాంటి పోగులు కనిపిస్తే ఫంగస్, ఆ లెన్స్ వదిలేయండి.