చైనా నుంచి తెచ్చిన నల్ల టీ బిళ్ళ మట్టి వాసన వేస్తోంది, పాడైందా? ఎలా తాగాలి?

మీ బావగారు కున్మింగ్ నుంచి తెచ్చిన ఆ గుండ్రటి బిళ్ళని పారేయకండి. మీరు రాసిన నల్లటి రంగు, తడి మట్టి వాసన, వెనక వైపు గుంట, ఇవన్నీ చూస్తే అది పులియబెట్టిన పు-అర్ టీ. ఉద్యోగం మీద కొన్నేళ్ళు నేను కున్మింగ్‌లోనే ఉన్నాను, ఇప్పటికీ టిఫిన్ అయ్యాక తాగేది ఇదే.

కున్మింగ్ ఉన్న యున్నాన్ రాష్ట్రంలో పండే పెద్దాకు తేయాకు ఇది, మన అస్సాం టీ కూడా ఆ జాతే. ఎండలో ఆరబెట్టిన ఆకుకి ఆవిరి పట్టి, గుడ్డలో మూటగట్టి రాయి కింద నొక్కుతారు, ఆ గుంట గుడ్డ ముడి ఉన్న చోటు. మామూలుగా బిళ్ళ 357 గ్రాములు ఉంటుంది, అలాంటివి ఏడు కలిపి వెదురు పట్టలో చుడతారు. ఆరబెట్టిన ఆకుని అలాగే నొక్కితే షెంగ్, అంటే పచ్చి రకం, అది మెత్తబడి చేదు తగ్గడానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది. అంతకాలం ఆగక్కర్లేకుండా 1973లో కున్మింగ్ టీ ఫ్యాక్టరీలో ఇంకో పద్ధతి తయారుచేశారు: ఆకుని తడిపి కుప్పపోసి, పైన గుడ్డ కప్పి, లోపల వేడెక్కినప్పుడల్లా తిరగేస్తూ నెలన్నర రెండు నెలలు పులియనిస్తారు. ఇలా చేసినదాన్ని షూ అంటారు, మీ దగ్గరున్నది ఆ రకమే, మట్టి వాసన ఆ కుప్పలోంచి వచ్చిందే. ఆకు మీద నూగులా బూజు కనిపించినా, ముక్కిన బియ్యం వాసన వచ్చినా మాత్రం తాగొద్దు.

సుత్తితో కొట్టకండి, పొడైపోతుంది. సన్నటి కత్తి మొన అంచు పక్క నుంచి దూర్చి మెల్లగా లేపితే పొరలు పొరలుగా ఊడొస్తుంది, రెండో చెయ్యి కత్తికి ఎదురుగా పెట్టొద్దు. చిన్న గిన్నెలో ఐదారు గ్రాములు వేసి సలసలా మరిగే నీళ్ళు పోసి, ఆ మొదటి నీళ్ళు పది సెకన్లలో వంపేయాలి. మా వీధిలో టీ కొట్టావిడ ఆ నీళ్ళతోనే కప్పులన్నీ కడిగి, గిన్నె మూత తీసి ముందు ఆకు వాసన చూడమని నాకిచ్చేది, ఆ తర్వాతే టీ పోసేది. రెండోసారి నుంచి పది పదిహేను సెకన్లు నాననిస్తే చాలు, నల్లగా, చిక్కగా, వగరు లేకుండా దిగుతుంది, అదే ఆకుకి ఏడెనిమిది సార్లు నీళ్ళు పోయొచ్చు.

పాలు కలపొచ్చా అన్నారు. టిబెట్‌లో నొక్కిన టీని మరిగించి వెన్న, ఉప్పు వేసి చిలికి తాగుతారు, కాబట్టి కలిపితే తప్పేం లేదు, కానీ మొదటి కప్పు ఉత్తదే తాగి చూడండి.

ముప్పై ఏళ్ళ పాతదని కొట్టువాళ్ళు చెప్పారట, నేనైతే నమ్మను. పైకాగితం మార్చడం పెద్ద పనేం కాదు, పాతదంటే ధర ఎక్కడికో పోతుంది కాబట్టి అలా చెప్పి అమ్మేవాళ్ళు అక్కడ చాలామంది. నేను వయసు అడగను, అక్కడే పెట్టించుకుని తాగి, నచ్చితేనే కొంటాను.

ఫ్రిజ్‌లోనూ ప్లాస్టిక్ కవర్లోనూ వద్దు, దాని కాగితంలోనే చుట్టి అట్టపెట్టెలో ఎండ తగలని చోట పెట్టండి. వంటింట్లో అసలే వద్దు, ఇంగువ, పోపు వాసనలన్నీ పీల్చేసుకుంటుంది. వానాకాలంలో అప్పుడప్పుడూ తీసి బూజు పట్టిందేమో చూసుకోండి.