ఇంట్లోనే ఉద్యోగం, ఇంట్లోనే పాప చదువు

ప్రశ్న: మాది అనంతపురం. ఎనిమిదేళ్లుగా బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నాము. మా పాపకు నాలుగేళ్ల మూడు నెలలు. నిరుడు ఒక ప్లేస్కూలులో చేర్పించాము కానీ, రోజూ రెండు పేజీల అక్షరాలు రాయించడం, రాయకపోతే ఆటకు పంపకపోవడం చూసి మాన్పించేశాము. నేను ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మావారు వారానికి మూడు రోజులు ఆఫీసుకు వెళ్తారు. మీటింగులకు మధ్య దొరికిన అరగంటలో పాపను కూర్చోబెట్టి చెబుతున్నాను కానీ, తను కుదురుగా ఉండదు, నేను కసురుకుంటాను, ఇద్దరం ఏడుస్తాము. మా దగ్గరే ఉంటున్న అత్తయ్యగారు, బడికి పంపకపోతే పిల్ల వెనకబడిపోతుందని రోజూ అంటున్నారు. రోజుకు ఎన్ని గంటలు చెప్పాలి? రేపు ఒకటో తరగతిలో సీటు దొరుకుతుందా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ముందు సీటు భయాన్ని తీర్చుకుందాము. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు వర్తిస్తుంది కాబట్టి, నాలుగేళ్ల పిల్లను ఇంట్లో ఉంచుకుని చదివించుకోవడం ఏ నిబంధననూ మీరినట్టు కాదు. ఒకటో తరగతిలో చేర్చుకునేటప్పుడు పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్ష పెట్టి వడపోయకూడదని అదే చట్టంలోని 13వ సెక్షన్ చెబుతున్నది. ఒకటో తరగతికి ఆరేళ్లు నిండి ఉండాలన్నది 2020 జాతీయ విద్యా విధానం పెట్టిన లెక్క. ఆ ప్రకారం పాపకు ఇంకా ఏడాదిన్నరకు పైగా సమయం ఉన్నది. ఏ తేదీ నాటికి ఆరేళ్లు నిండాలో మాత్రం మీరు అనుకుంటున్న బడిలో ముందుగానే కనుక్కోండి.

ఇక అసలు కష్టానికి వస్తాను. మీటింగుకూ మీటింగుకూ మధ్య చదువు చెప్పడమంటే రెండు పడవల మీద కాళ్లు పెట్టడమే. ఒక చెవి లాప్‌టాప్ వైపు పెట్టి అక్షరాలు చెప్పే అమ్మను నాలుగేళ్ల పిల్ల ఇట్టే కనిపెడుతుంది. అమ్మ తన దగ్గర లేదని తెలిశాకే కుదురు తప్పుతుంది. అందుకని పగటి పాఠాన్ని పూర్తిగా మానేయండి. ఆఫీసు పని మొదలుకాక ముందు ఒక గంట, సాయంత్రం ఒక అరగంట, ఫోను వేరే గదిలో పెట్టి పూర్తిగా పాపకే ఇవ్వండి. ఈ వయసుకు ఆ గంటన్నర చాలునని నా గట్టి నమ్మకం. బడిలో గడిచే నాలుగు గంటల్లో టీచరు ఒక్కొక్క పిల్ల పక్కన కూర్చునే సమయం ఎంతో ఒకసారి లెక్క వేసుకోండి.

ఆ గంటలో ఏం చేయాలంటే, ఉదాహరణకు అత్తయ్యగారిని అడిగి వామనగుంటల పీట ఒకటి తెప్పించండి. పీట దొరకకపోతే కోడిగుడ్ల అట్ట రెండు వరుసలుగా కత్తిరించినా సరిపోతుంది. పాప గుప్పెట్లో చింతగింజలు తీసుకుని, గుంటకు ఒకటి చొప్పున వదులుతూ పోతుంది. మొదట్లో నోరు 'ఐదు' అనే సరికి చేయి ఇంకా మూడో గుంట దగ్గరే ఉంటుంది, లేదా ఒకే గుంటలో రెండు గింజలు పడతాయి. మీరు సరిదిద్దకుండా ఊరకే చూడండి. కొన్నాళ్లకు మాటా చేయీ కలుస్తాయి, ఒక అంకెకు ఒక గింజ అన్నది వేళ్లకే తెలిసిపోతుంది. నూరు వరకు అప్పజెప్పగలిగినా పది గింజలు సరిగా లెక్కపెట్టలేని పిల్లలు ఎందరో ఉన్నారు. గణితానికి పునాది ఆ అప్పజెప్పడంలో లేదు, ఈ గింజల్లో ఉన్నది.

రాత విషయంలో తొందర వద్దు. పెన్సిలు పట్టుకోవడానికి కావలసిన బలం ముందు వేళ్లకు రావాలి. చిక్కుడుకాయలకు ఈనెలు తీయడం, వెల్లుల్లి పొట్టు వలవడం, చపాతీ పిండి పిసకడం ఆ బలాన్ని ఇస్తాయి. అక్షరాభ్యాసం నాడు పళ్లెంలో బియ్యం పోసి దిద్దించిన మన పెద్దలకు ఈ సంగతి తెలుసు. పళ్లెంలో రవ్వ పోసి ముందు సున్నలు, తరవాత సున్నకు తలకట్టు పెట్టి 'ర' దిద్దించండి. తప్పు పోతే పళ్లెం ఒకసారి కదిపితే చాలు, చెరిపిన మచ్చ ఉండదు.

అత్తయ్యగారితో వాదించకండి, ఆవిడ చేతికే ఒక పని అప్పగించండి. మధ్యాహ్నం భోజనం తరవాత రోజుకొక కథ ఆవిడదే. ఇంటి భాషలో మాట బలపడిన పిల్లకు తక్కిన భాషలు తేలిక అవుతాయి. వీలున్నంతవరకు కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలోనే బోధన సాగాలని జాతీయ విద్యా విధానం కూడా అన్నది. మీకు బెంగళూరులో మరొక అదృష్టం ఉన్నది: తెలుగు, కన్నడ లిపులు తోబుట్టువులు. గ, న, ల వంటి అక్షరాలు దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి, తెలుగు అక్షరాలు కొన్ని వచ్చిన పాప బస్సుల మీది బోర్డుల్లో వాటిని తనంతట తాను పోల్చుకుంటుంది. ఆ సంబరం ఏ వర్క్‌బుక్కూ ఇవ్వలేదు.

అయితే ఇల్లు ఇవ్వలేనిది ఒకటున్నది, అది తోటి పిల్లల సావాసం. వంతు కోసం ఆగడం, ఓడిపోవడం, పోట్లాడి మళ్లీ కలవడం పెద్దలతో ఆడితే రావు. రోజూ సాయంత్రం ఒక గంట అపార్టుమెంటు పిల్లల మధ్య వదలండి, ఆదివారం కబ్బన్ పార్కుకో, లాల్‌బాగ్ రాతి గుట్ట ఎక్కించడానికో తీసుకెళ్లండి. మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజు మొత్తంలో మూడు గంటలు ఒళ్లు కదిలేలా ఆడాలని, తెర ముందు కూర్చునే సమయం గంట దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మీటింగు ఉన్నప్పుడల్లా టాబ్ చేతికి ఇచ్చే అలవాటు మీ ఇంట్లో ఉంటే, ముందు తగ్గించవలసింది అదే.

మీరు రాసిన దాంట్లో మీవారి వంతు ఎక్కడా కనిపించలేదు, అది నాకు బాధ కలిగించింది. ఆయన ఇంట్లో ఉండే రెండు రోజులు ఉదయం గంట ఆయనదే కావాలి, అది ఆఫీసు క్యాలెండరులో మీటింగులాగే నమోదు కావాలి. మిగతా పగలంతా అత్తయ్యగారి మోకాళ్ల మీద వేయడం కూడా న్యాయం కాదు. యాభై మంది గానీ అంతకు మించి గానీ ఉద్యోగులున్న సంస్థ శిశు సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి చేసిన సవరణ చెప్పింది. మీ కంపెనీలో ఆ వసతి ఏ వయసు దాకా ఉన్నదో హెచ్‌ఆర్ వారిని అడగండి. వారానికి రెండు పూటలు పాప అక్కడ ఆడుకున్నా మీ ఇంటి చదువుకు లోటు రాదు. ఆ రెండు పూటలూ మీరు నిశ్చింతగా పని చేసుకోగలిగితే, సాయంత్రం అరగంట పాప దగ్గర కసరకుండా కూర్చునే ఓపిక మీకు మిగులుతుంది.