ప్రపంచ జూనియర్ రోడ్ రేస్‌కు సిద్ధమవుతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

2026 సెప్టెంబరులో ప్రపంచ రోడ్ సైక్లింగ్ ఛాంపియన్‌షిప్ మీ మాంట్రియల్‌కే వస్తోందనీ, కెనడా జూనియర్ జట్టు ఎంపికకు నువ్వు సిద్ధమవుతున్నావనీ అక్కయ్య చెప్పినప్పటి నుంచి నా మనసంతా అక్కడే ఉంది. ఏళ్ళ తరబడి పిల్లలకు ఈ ఆట నేర్పినవాడిగా నీకు చెప్పవలసింది ముఖ్యంగా ఒక్కటే: ఈ పందెంలో ఎప్పటికప్పుడు నిర్ణయం తీసుకోవలసినవాడివి నువ్వే. ఇక్కడ పెద్దలకు సైతం చెవిలో రేడియో పెట్టుకోనివ్వరు. ముందు వెళ్ళినవారు ఎంత దూరంలో ఉన్నారో మోటార్‌సైకిల్ మీద చూపే పలక చూసి తెలుసుకోవాలి, లేదా పక్కనున్న జట్టువాడిని అడగాలి. ఏడాదంతా వేరే క్లబ్బుల్లో ప్రత్యర్థులుగా తిరిగినవారే ఆ రోజు నీ జట్టువారు కనుక, ఎవరు ఎవరి కోసం శ్రమపడాలో ముందు రోజే మాట్లాడుకోండి.

బలమున్నా వెనకబడిపోయే పిల్లలను చాలామందిని చూశాను, వారి పొరపాటు ఎక్కువగా గుంపులో ఎంచుకున్న స్థానం దగ్గరే ఉంటుంది. 2025లో ఇదే ఛాంపియన్‌షిప్ జరిగిన రువాండా రాజధాని కిగాలిలో ల్యాప్ ల్యాప్‌కూ, అంటే ప్రతి చుట్టులోనూ, రాళ్ళు పరిచిన కిమిహురురా అనే ఎత్తు (ఎక్కుడు దారి) వచ్చేది. అటువంటి చోట గుంపు ఇరుకులోకి దూరేటప్పుడు ముందున్న ఇరవై ముప్ఫై మంది వేగం తగ్గకుండా సాగిపోతారు, వెనకున్నవారు దాదాపు ఆగి, మళ్ళీ పూర్తి బలంతో వేగం అందుకోవాలి. ప్రతి ల్యాప్‌లోనూ ఇదే జరిగితే చివరికి కాళ్ళలో ఏమీ మిగలదు. అందుచేత ఎత్తు మొదలయ్యాక కాదు, దానికి రెండు కిలోమీటర్ల ముందే, రోడ్డు వెడల్పుగా ఉన్నప్పుడే ముందుకు చేరుకో.

పడిపోయినా పందెం అయిపోయినట్టు కాదు. అంతకు ముందు ఏడాదే ఫుట్‌బాల్ వదిలి సైకిలెక్కిన బెల్జియం కుర్రవాడు రెంకో ఎవెనెపోల్, 2018లో ఇన్‌స్‌బ్రుక్‌లో జరిగిన ఇదే ఛాంపియన్‌షిప్‌లో జూనియర్ల టైమ్ ట్రయల్ (ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే పందెం) గెలిచాక, రోడ్ రేస్‌లో కిందపడి రెండు నిమిషాలకు పైగా వెనకబడి కూడా ఒంటరిగా గెలుపు గీత దాటాడు.

అయితే తెగువ చూపకూడని చోటు కూడా ఒకటుంది. 2024లో జ్యూరిక్‌లో, ఇదే ఛాంపియన్‌షిప్ జూనియర్ మహిళల రోడ్ రేస్‌లో, వానలో పడిపోయిన పద్దెనిమిదేళ్ళ స్విస్ అమ్మాయి మ్యూరియల్ ఫురర్ తలకు తగిలిన గాయంతో మరునాడు కన్నుమూసింది. ఆ వార్త నన్ను ఇప్పటికీ వదలలేదు. తడి రోడ్డు మీద మలుపుకు ముందే బ్రేకు పూర్తిగా వేసి, మలుపులో వదిలెయ్యి. అవతల ఏముందో కనిపించనప్పుడు పది మీటర్లు వదులుకో, వాటిని తరువాతి ఎత్తులో సంపాదించుకోవచ్చు. ఎవరైనా రోడ్డు దాటి పడిపోవడం చూస్తే, స్థానం పోయినా సరే, దారి పక్కన భద్రత చూసే మార్షల్ ఎవరు మొదట కనిపిస్తే వారికి చెప్పు.

గేర్ల గురించి ఒక మాట. పెడల్ ఒక చుట్టు తిరిగితే బండి 7.93 మీటర్లకు మించి పోరాదన్న జూనియర్ల నిబంధనను 2023 నుంచి ఎత్తివేశారు. అవకాశం వచ్చింది కదా అని పెద్ద గేర్‌తో మోకాళ్ళను అరగదీయవద్దు. ఎదిగే వయసులో తేలిక గేర్‌తో చురుకుగా తొక్కడమే నేర్చుకో. ఇక తిండి సంగతి: ఆకలి వేసేదాకా ఆగకుండా మొదటి అరగంట నుంచే తినాలి, గంటకు 60 గ్రాముల పిండిపదార్థం లెక్కన.

మీ ఊళ్ళో గ్రాండ్ ప్రి సైకిల్ పందెంలో పెద్దలు మళ్ళీ మళ్ళీ ఎక్కే కామిలియన్-ఉద్ ఎత్తు సుమారు 1.8 కిలోమీటర్ల పొడవు, సగటు వాలు 8 శాతం. ఎంపిక పోటీలకు ముందు దాన్ని ఎండలో ఒకసారి, వానలో ఒకసారి ఎక్కి దిగి, ఏ గేర్ మీద ఊపిరి నిలకడగా సాగిందో, ఏ మలుపులో చెయ్యి అనుకోకుండా బ్రేకు మీదికి పోయిందో నాకు వివరంగా రాయి.

ఆశీస్సులతో,
మామయ్య