ట్యూబా, స్టెంటా? నాన్నగారి గాల్‌బ్లాడర్‌కు ఏ డబ్బు తీయాలి

ప్రశ్న: మా నాయనకు 76 ఏళ్లు. గుండె పంపింగ్ తక్కువ, షుగర్ ఉంది. గాల్‌బ్లాడర్‌లో రాళ్లు, చీము. ఆపరేషన్ తట్టుకోలేడని కడపలో పక్కటెముకల దగ్గర నుంచి ట్యూబ్ వేసి సంచి తగిలించారు. జ్వరం తగ్గింది. హైదరాబాద్‌లో ఎండోస్కోపీతో లోపలే స్టెంట్ (గాల్‌బ్లాడర్‌లోది పొట్టలోకో పేగులోకో దిగేలా చిన్న గొట్టం) పెడతామంటున్నారు, ఎస్టిమేట్ ట్యూబ్ బిల్లుకు మూడింతలు. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో ఏడాదిన్నర కింద వేసిన 8 లక్షలు, 3 లక్షల ఎఫ్‌డీ, కొంత బంగారం ఉన్నాయి. ఏది తీయమంటారు?
- పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: ఎఫ్‌డీ తీయండి. సీనియర్ సిటిజన్ డబ్బు జోలికి ఇప్పుడే పోవద్దు.

ముందు ఆ మూడింతల లెక్క చూద్దాం. మీరు చూసింది అడ్మిషన్ బిల్లు. చూడాల్సింది ఏడాది ఖర్చు. ట్యూబ్ చీము తీసింది కానీ రాళ్లు లోపలే ఉన్నాయి. సెలైన్‌తో కడగడం, సంచి మార్చడం ఇంట్లో జరిగిపోతాయి. రాత్రి ఆయన అటు ఒత్తిగిలినప్పుడు ట్యూబ్ జారిందో, మళ్లీ కారు, కడప, స్కానింగ్, కొత్త ట్యూబ్. తీయాలన్నా కొన్ని వారాలు ఆగి, మందు ఎక్కించి ఎక్స్‌రే చూశాకే తీస్తారు.

ఆపరేషన్‌కు పనికిరారన్న 80 మందిని రెండు గుంపులు చేసి చూసిన పరిశోధన 2020లో వచ్చింది. ఏడాదిలో ఏదో ఒక ఇబ్బంది ట్యూబ్ వాళ్లలో 77.5 శాతానికి, స్టెంట్ వాళ్లలో 25.6 శాతానికి వచ్చింది. నెల దాటాక మళ్లీ ఏదైనా చేయాల్సి వచ్చింది ట్యూబ్ వాళ్లలో 30 శాతానికి, స్టెంట్ వాళ్లలో 2.6 శాతానికి. నెలలోపు మరణాల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే స్టెంట్‌కు పెట్టే డబ్బు ప్రాణానికి గ్యారంటీ కాదు, తిప్పలు తగ్గడానికి. అదీ చేయి తిరిగిన డాక్టర్ చేస్తేనే. అక్కడ ఇవి తరచూ చేస్తారా అని మొహమాటం లేకుండా అడగండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే అదీ ముందే చెప్పండి.

ఇంకో మాట. 2018లో నెదర్లాండ్స్ డాక్టర్లు రిస్క్ ఎక్కువున్న 142 మందిని చూస్తే, కీహోల్ ఆపరేషన్ (చిన్న రంధ్రాల్లోంచి గాల్‌బ్లాడర్ తీసేయడం) చేసినవారిలో పెద్ద ఇబ్బందులు 12 శాతం, ట్యూబ్ వేసినవారిలో 65 శాతం. మరీ విషమించినవారు అందులో లేరు, మీ నాన్నగారికి అది వర్తించకపోవచ్చు. అయినా జ్వరం తగ్గింది కాబట్టి ఒక సర్జన్, ఒక కార్డియాలజిస్టు దగ్గర రెండో అభిప్రాయం తీసుకోండి. ఆ కన్సల్టేషన్ ఫీజు దండగ కాదు.

ఇక డబ్బు. సీనియర్ సిటిజన్ స్కీము ఏడాది దాటాక రెండేళ్లలోపు మూస్తే అసలులో 1.5 శాతం, అంటే 12,000 కోస్తారు. కొంచెం తీసుకుందామన్నా కుదరదు, మొత్తం మూయాల్సిందే. 8.2 శాతం లెక్కన మూడు నెలలకోసారి వచ్చే 16,400 మందులకు, రాకపోకలకు కావాలి. ఎఫ్‌డీ మీద లోన్ దొరుకుతుంది, కానీ తీర్చడానికి వచ్చే ఆదాయం లేనప్పుడు లోన్ ఎందుకు? రద్దు చేసేయండి, వడ్డీలో కొంత పోతుంది, అంతే. బంగారం మీ ఊళ్లో ఎప్పుడైనా కుదువ పెట్టొచ్చు, చివరికి ఉంచండి.

70 దాటినవారికి ఆదాయంతో పనిలేకుండా ఏటా కుటుంబానికి 5 లక్షల దాకా ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు 29న మొదలైంది. హైదరాబాద్ బయలుదేరేముందే ఆ ఆసుపత్రి లిస్టులో ఉందా, ఈ స్టెంట్ ప్యాకేజీలోకి వస్తుందా అని ఫోన్ చేసి కనుక్కోండి. ఇప్పుడు కొత్త ఇన్సూరెన్స్ తీసుకోమని ఏజెంట్ వస్తే మాత్రం ఆగండి. ఉన్న జబ్బుకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు, ఈ బిల్లుకు పనికిరాదు.

బిల్లులు క్యాష్‌లో కట్టకండి. నాన్నగారికి హెల్త్ పాలసీ లేదు, మీరు పాత పద్ధతిలో ఆదాయపు పన్ను రిటర్ను వేస్తారు అంటే, ఆయన వైద్యానికి కట్టినదానిలో 50,000 దాకా పన్ను మినహాయింపు కింద చూపించుకోవచ్చు.