ప్రతి ట్రేడు లెక్కపెడితే ఒడుదొడుకులు రెట్టింపవుతాయా?

హనుమకొండ నుంచి ఒక పాఠకుడు: 'నా వయసు 44. ఒకే బ్యాంకు షేర్లలో రూ.12 లక్షలు ఉన్నాయి. రెండేళ్లలో పాప ఇంజినీరింగ్ ఫీజుకు రూ.5 లక్షలు కావాలి. రోజువారీ ముగింపు ధరలతో చూస్తే ఆ షేరు ఒడుదొడుకులు ఏడాదికి 22 శాతం. సెకను సెకను డేటాతో లెక్కగడితే 48 శాతం వచ్చింది. టెన్షన్‌గా ఉంది, మొత్తం అమ్మేయనా?'

ముందు ఆ 48ని పక్కన పెట్టండి. మీరు కూడికలో తప్పు చేసి ఉండరు, చిక్కు డేటాలోనే ఉంది. కొనేవారు రూ.500 ఇస్తామంటారు, అమ్మేవారు రూ.500.10 అడుగుతారు. ఒక ట్రేడు ఈ ధరకు పడుతుంది, తర్వాతిది ఆ ధరకు. షేరు విలువ ఏమీ మారకపోయినా తెర మీద ధర 10 పైసలు, అంటే 0.02 శాతం, అటూ ఇటూ గెంతుతూనే ఉంటుంది. మార్కెట్ ఉదయం 9.15 నుంచి 3.30 దాకా, అంటే 22,500 సెకన్లు. వాటిలో సగం సెకన్లలో ఈ గెంతు పడిందనుకోండి. ఒడుదొడుకులను లెక్కగట్టే పద్ధతిలో ఆ గెంతులన్నిటినీ వర్గం చేసి, కూడి, వర్గమూలం తీస్తే రోజుకు 2.1 శాతం వస్తుంది. దాన్ని 252 ట్రేడింగ్ రోజుల వర్గమూలంతో గుణిస్తే ఏడాదికి దాదాపు 34 శాతం. కదలని షేరుకు ఇంత!

అదే ఐదు నిమిషాలకోసారి ధర తీసుకుంటే రోజుకు 75 ముక్కలే. ఆ గెంతుల వాటా రోజుకు 0.12 శాతానికి పడిపోతుంది. పరిశోధకులు ఎక్కువగా ఐదు నిమిషాలే వాడటానికి కారణం ఇదే. మీరూ అలా మళ్లీ లెక్కించండి.

అయితే రాత్రిని మరవకండి. 2024 మే 31న నిఫ్టీ 22,530 దగ్గర ముగిసింది. లోక్‌సభ ఎన్నికల ఎగ్జిట్ పోల్స్ వచ్చాక జూన్ 3న 3 శాతానికి పైగా ఎగువన తెరుచుకుంది. పగటి డేటా మాత్రమే చూసేవారికి ఆ కదలిక కనిపించదు. నిన్నటి ముగింపు నుంచి నేటి ప్రారంభానికి వచ్చిన తేడానూ వర్గం చేసి కలపాలి. ఆ మర్నాడే, ఫలితాల రోజున, నిఫ్టీ దాదాపు 6 శాతం పడింది.

అందుకే పాప ఫీజు డబ్బు గురించి నాకు ఎక్కువ ఆందోళన. ఒడుదొడుకులు 22 శాతమైనా సరే, రెండేళ్లలో కావలసిన సొమ్ము ఒకే షేరులో ఉండకూడదు. ఆ రూ.5 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోకి మార్చండి. ఏడాది దాటిన షేర్లపై లాభం ఒక ఆర్థిక సంవత్సరంలో రూ.1.25 లక్షలు మించితేనే, మించినంత మేరకు 12.5 శాతం పన్ను. మీ లాభం అంతకన్నా ఎక్కువైతే మార్చి లోపు సగం, ఏప్రిల్‌లో మిగతా సగం అమ్మండి. మిగిలిన రూ.7 లక్షలను కంగారులో కదపకండి, కొత్త లెక్క వచ్చాక రాయండి.