ఇంటి సోలార్ యూనిట్ ఎంతకు పడుతుంది? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: సోలార్ ప్యానెళ్ల ధర పదో వంతుకు పడిపోయిందని కొన్నేళ్లుగా చదువుతున్నాను. తీరా మా ఇంటి కప్పు మీద బిగించడానికి అంచనా అడిగితే, మొత్తం ఖర్చు ఆ మేరకు తగ్గినట్టు కనిపించలేదు. ఇందులో ఏది నిజమండీ?

జవాబు: రెండూ నిజమే. మీరు చదివింది ఫ్యాక్టరీ గేటు దగ్గర ప్యానెల్ ధర. మీ చేతికి వచ్చింది కప్పు మీద పనిచేసే ఏర్పాటు మొత్తానికి అయ్యే ఖర్చు.

ముందు ప్యానెల్ సంగతి చూద్దాం. 1954లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అనే ముగ్గురు తయారుచేసిన సిలికాన్ సెల్, తన మీద పడిన ఎండలో 6 శాతాన్ని మాత్రమే కరెంటుగా మార్చగలిగింది. 1958లో వాన్‌గార్డ్-1 ఉపగ్రహానికి ఇలాంటి సెల్స్ అమర్చారు; అంతరిక్షంలో వేరే దారి లేదు కనుక ధర ఎంతైనా భరించారు. 1970ల మధ్యలో, ఇటీవలి డాలరు విలువలో చూస్తే, ఒక్క వాటు ప్యానెల్‌కు దాదాపు 100 డాలర్లు అయ్యేది. 2019 నాటికి అది అర డాలరు లోపుకు దిగింది. ప్రపంచంలో అప్పటిదాకా తయారైన ప్యానెళ్ల మొత్తం రెట్టింపు అయిన ప్రతిసారీ ధర సుమారు 20 శాతం తగ్గుతూ వచ్చింది. ఈ ఒరవడిని స్వాన్సన్ సూత్రం అంటారు. 2000లో జర్మనీ తెచ్చిన చట్టం, సౌర విద్యుత్తును 20 ఏళ్లపాటు ముందే ఖరారైన ధరకు కొనుగోలు చేసే ఏర్పాటుతో నమ్మకమైన గిరాకీని సృష్టించింది. ఆ గిరాకీని అందుకోవడానికి చైనాలో లేచిన ఫ్యాక్టరీలు ఉత్పత్తిని ఎవరూ ఊహించనంత పెంచాయి.

ధర తగ్గడం వెనక తయారీలో పనితనం కూడా చాలా ఉంది. సిలికాన్ దిమ్మెను పలుచని పొరలుగా కోయడానికి ఒకప్పుడు గరుకుపొడి కలిపిన ద్రవంలో ఉక్కుతీగను ఆడించేవారు. పొరగా దక్కినదానికి కొంచెం అటూ ఇటూగా అంత సిలికానూ పొడై పోయేది. ఇప్పుడు వజ్రపు రేణువులు అతికిన సన్నని తీగతో కోస్తున్నారు. చేతికొచ్చే పొర మందం సుమారు 150 మైక్రాన్లు, అంటే రెండు తలవెంట్రుకలు పక్కపక్కన పెట్టినంత. 2004 ప్రాంతంలో ఒక వాటుకు దాదాపు 16 గ్రాముల సిలికాన్ పట్టేది, ఇప్పుడు 2 గ్రాములకు కాస్త అటూ ఇటూగా సరిపోతోంది. ధర నిలబడకుండా దిగడానికి ఈ మార్పు కూడా ఒక పెద్ద కారణం.

ఇక మీ అంచనా. అందులో ప్యానెళ్లతో పాటు ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే పెట్టె), ఇనుప లేదా అల్యూమినియం చట్రం, కేబుళ్లు, రక్షణ పరికరాలు, కూలీ, రవాణా, అనుమతులు, అమ్మినవారి లాభం అన్నీ ఉంటాయి. సిలికాన్ చవకైందని మేస్త్రీ కూలీ తగ్గదు కదా. అమెరికాలో ఇళ్ల సోలార్ ఖర్చులో సగానికి పైగా ప్యానెళ్లు, పరికరాలు కాని ఖర్చులే. ఇంచుమించు అవే ప్యానెళ్లను ఆస్ట్రేలియాలో అంతకంటే చాలా తక్కువకు బిగించగలుగుతున్నారంటే, అక్కడ అనుమతులు సులువు కావడం, బిగించేవారి మధ్య పోటీ గట్టిగా ఉండడం ముఖ్య కారణాలు. అందుచేత అంచనాను ఒకే మొత్తంగా తీసుకోకండి. ఏ పద్దుకు ఎంతో విడివిడిగా రాసిమ్మని అడగండి.

ప్రశ్న: కరెంటు బిల్లులోని యూనిట్ ధరతో సోలార్ యూనిట్ ధరను పోల్చడం ఎలా?

జవాబు: సోలార్ అంటే రాబోయే 25 ఏళ్ల కరెంటుకు ముందుగానే డబ్బు కట్టేయడం. కాబట్టి మొత్తం ఖర్చును, ఆ కాలంలో వచ్చే మొత్తం యూనిట్లతో భాగించాలి. ఎండ బాగా కాసే చోట ఒక కిలోవాట్ ప్యానెళ్లు ఏడాది సగటున రోజుకు 4 యూనిట్ల దాకా ఇస్తాయి. 3 కిలోవాట్లు పెడితే రోజుకు 12, ఏడాదికి 4,380 యూనిట్లు. ప్యానెళ్ల శక్తి ఏటా సుమారు అర శాతం తగ్గుతుందని తీసుకుంటే, 25 ఏళ్లకు దాదాపు లక్ష యూనిట్లు. బిగించిన ఖర్చు, మధ్యలో ఒకసారి ఇన్వర్టర్ మార్చే ఖర్చు (దాని ఆయుష్షు సాధారణంగా 10 నుంచి 15 ఏళ్లు), తుడవడానికయ్యే ఖర్చు, అప్పు చేస్తే దాని వడ్డీ, సొంత డబ్బు పెడితే దాని మీద రాకుండా పోయే వడ్డీ, అన్నీ కలిపి లక్షతో భాగించండి. మబ్బులు ఎక్కువగా పట్టే చోట దిగుబడి తక్కువ కనుక భాగించే సంఖ్యను తగ్గించుకోవాలి.

వచ్చిన అంకెను బిల్లులో దేనితో పోల్చాలన్న దగ్గరే చాలామంది పొరబడతారు. మొత్తం బిల్లును యూనిట్లతో భాగించి పోల్చకూడదు, ఎందుకంటే సోలార్ పెట్టినా స్థిర ఛార్జీలు పోవు. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరిగే శ్లాబుల పద్ధతి ఉన్న చోట, సోలార్ ముందుగా తగ్గించేది అన్నిటికంటే పైనున్న ఖరీదైన శ్లాబును. పోలిక దానితోనే మొదలుపెట్టాలి. అందుకే ఎక్కువ కరెంటు కాల్చే ఇంటికి పెట్టుబడి త్వరగా తిరిగి వస్తుంది, తక్కువ వాడే ఇంటికి ఆలస్యమవుతుంది. మరో మాట కూడా గట్టిగా చెప్పాలి. కరెంటు ధర ఏటా ఇంత శాతం పెరుగుతుందని అమ్మేవారు పట్టికలో ముందే కలిపి చూపిస్తారు. ఆ పెరుగుదలను తీసేసి లెక్క వేయమనండి. అప్పటికీ లాభం కనిపిస్తే నిశ్చింతగా ముందుకు వెళ్లవచ్చు.

ప్రశ్న: పగలంతా మేము ఉద్యోగాల్లో ఉంటాం, వాడకమంతా సాయంత్రమే. మాకు సోలార్ లాభమేనా? బ్యాటరీ పెట్టించుకోమంటారా?

జవాబు: జాగ్రత్తగా ఆలోచించాల్సిన ప్రశ్న ఇదే, ఎందుకంటే సోలార్ యూనిట్లన్నిటి విలువా ఒకటి కాదు. పుట్టిన క్షణంలోనే ఇంట్లో వాడుకున్న యూనిట్ మీరు కొనవలసిన ధరంతా మిగులుస్తుంది. గ్రిడ్‌కు, అంటే విద్యుత్ సంస్థ లైన్లకు, పంపిన యూనిట్‌కు విద్యుత్ సంస్థ ఎంత ఇస్తే అంతే. ఇచ్చిన యూనిట్‌కు యూనిట్ సర్దుబాటు చేసే నెట్ మీటరింగ్ ఉన్నంతకాలం ఈ తేడా కనిపించదు. కానీ అందరి కప్పుల మీదా మధ్యాహ్నమే కరెంటు పండి, సూర్యుడు దిగాక అందరి ఇళ్లలోనూ ఒకేసారి గిరాకీ లేవడం వల్ల, మధ్యాహ్నపు యూనిట్ విలువ పడిపోతోంది. కాలిఫోర్నియాలో 2023 ఏప్రిల్ నుంచి కొత్తగా చేరినవారికి, గ్రిడ్‌కు పంపిన కరెంటు మీద వచ్చే జమ సగటున మునుపటిలో నాలుగో వంతుకు తగ్గింది. మీ దగ్గర నిబంధన ఏమిటో, అది ఎన్నేళ్లు మారకుండా ఉంటుందో రాతపూర్వకంగా తెలుసుకోకుండా సంతకం పెట్టవద్దు.

బ్యాటరీ కంటే ముందు చేయగల పని ఒకటుంది. వాషింగ్ మెషిన్, నీళ్ల మోటారు, గీజర్ వంటివాటిని టైమర్ పెట్టి ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3 లోపు నడపండి. దీనికయ్యే ఖర్చు నామమాత్రం. లిథియం బ్యాటరీల ధర 2010 తర్వాత సుమారు 90 శాతం తగ్గిన మాట వాస్తవమే, అయినా మీ లాభం లెక్కించేటప్పుడు సాయంత్రపు యూనిట్ ధర మొత్తాన్ని బ్యాటరీ ఖాతాలో వేయకూడదు. ఆ యూనిట్‌ను మధ్యాహ్నమే గ్రిడ్‌కు పంపి ఉంటే ఎంతో కొంత వచ్చేది కనుక, సాయంత్రం కొనే ధరకూ మధ్యాహ్నం అమ్మే ధరకూ ఉన్న తేడా ఒక్కటే బ్యాటరీ సంపాదన. దాచి తీయడంలో పోయే పదో వంతు కరెంటును కూడా అందులోంచి తీసేయాలి. యూనిట్‌కు యూనిట్ ఇచ్చే నెట్ మీటరింగ్ మీకు దొరికితే, బిల్లు కోసమైతే బ్యాటరీ వద్దనే చెబుతాను. కరెంటు తరచుగా పోయే చోట మాత్రం, అది పోయినప్పుడు బ్యాటరీతో దొరికే సౌకర్యానికి మీరే విలువ కట్టుకోవాలి.

ప్రశ్న: ధరలు ఇంకా తగ్గుతాయి కదా, రెండేళ్లు ఆగితే మంచిదా?

జవాబు: కప్పుకు మరమ్మతు ఉంటే ఆగండి. లేకపోతే ఆగడం వల్ల పెద్దగా కలిసొచ్చేది లేదు. మొత్తం ఖర్చులో ప్యానెళ్ల వాటా ఇప్పటికే చిన్నదైపోయింది కనుక అవి ఇంకా చవకైనా మీ అంచనా కొద్దిగానే కదులుతుంది. ఆగిన రెండేళ్ల బిల్లు మాత్రం పూర్తిగా మీరే కట్టాలి.

ప్రశ్న: ఇద్దరు అంచనాలిచ్చారు. ఒకరిది వాటుకు బాగా తక్కువ. వారికే ఇవ్వవచ్చా?

జవాబు: వాటు ధర చూసి నిర్ణయించకండి, ఏడాదికి ఎన్ని యూనిట్లు వస్తాయో ఇద్దరినీ కాగితం మీద రాయమనండి. ఒక ఇంటి కప్పు మీద నేను స్వయంగా చూసిన సంగతి చెబుతాను. నీళ్ల ట్యాంకు పక్కనున్న గొట్టం నీడ, అరచేయి వెడల్పున, ఒక ప్యానెల్ చివర పడుతోంది. చూడటానికి అది ఏపాటి అనిపిస్తుంది. కానీ ప్యానెల్‌లోని సెల్స్ గొలుసులా కలిసి ఉంటాయి. సాధారణంగా మూడు భాగాలుగా, ఒక్కో భాగానికి ఒక బైపాస్ డయోడ్ (నీడ పడిన భాగాన్ని తప్పించి కరెంటును పక్కదారిలో పంపే చిన్న పరికరం) ఉంటుంది. ఆ చిన్న నీడకే ఒక భాగమంతా పక్కకు తప్పుకొని, నీడ ఉన్నంతసేపూ ఆ ప్యానెల్ శక్తిలో మూడో వంతు పోతోంది. గొట్టాన్ని కాస్త పక్కకు మార్పిస్తే సరిపోయేది, బిగించినవారు ఆ మాట చెప్పలేదు. మీకు అంచనాలిచ్చిన ఇద్దరిలో ఎవరు ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి కప్పు ఎక్కి నీడలు చూశారో గమనించండి. ఎవరూ ఎక్కకపోతే, సంతకానికి ముందు మీరే ఎక్కి నీడలు పడే చోట సుద్దముక్కతో గీతలు గీసి ఉంచండి.